గైగర్ లెక్కకు చిక్కని విఘటనలు: మిల్లీకెల్విన్ చలిలో ఒక్కొక్కటిగా కొలవడం గురించి

కోట జంక్షన్ మాస్టారు (విజయనగరం)

సభ్యులందరికీ నమస్కారం. నేను ఇక్కడ ఒక డిగ్రీ కళాశాలలో ఇరవై రెండేళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. గత వారం మూడో సంవత్సరం విద్యార్థులు రేడియోధార్మిక కణాలను లెక్కించే గైగర్-ముల్లర్ గొట్టం ముందు రేడియోధార్మిక థాలియం-204 బిళ్ల పెట్టి లెక్కింపు ప్రయోగం చేస్తుండగా, సాలూరు వైపు నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక అమ్మాయి నన్ను ఇలా అడిగింది: "మాస్టారూ, గొట్టం నిమిషానికి ఇన్ని అని చూపిస్తోంది. కానీ బిళ్లలో నిజంగా నిమిషానికి ఎన్ని కేంద్రకాలు విఘటన చెందుతున్నాయో మనకు ఎలా తెలుస్తుంది?" బిళ్లతో వచ్చిన ధ్రువపత్రంలో రాసి ఉంటుందని చెప్పాను. "ఆ పత్రం రాసినవారికి ఎలా తెలిసింది?" అని ఆమె వెంటనే అడిగింది. ఆ రోజు నేను చెప్పిన జవాబు నాకే తృప్తినివ్వలేదు.

గొట్టం ఎక్కడెక్కడ నష్టపోతుందో మనకు తెలుసు. బిళ్ల నుంచి వెలువడిన బీటా కణాలలో సగానికి పైగా అసలు గొట్టం వైపే రావు. వచ్చిన వాటిలో కొన్ని బిళ్లలోనే ఆగిపోతాయి, కొన్ని అభ్రకపు కిటికీలో ఆగిపోతాయి, మరికొన్ని గొట్టం ముందరి కణాన్ని నమోదు చేసి ఇంకా తేరుకోని వంద మైక్రోసెకండ్లలో వచ్చి లెక్కకు దక్కకుండా పోతాయి. ట్రిటియం వంటి మూలకం అయితే, దాని బీటా శక్తి 18.6 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు మించదు కాబట్టి, కిటికీ దాటి లోపలికి రానే రాదు.

పరమ శూన్య ఉష్ణోగ్రతకు, అంటే మైనస్ 273 డిగ్రీల సెల్సియస్‌కు, అతి దగ్గరలో పనిచేసే శీతల శోధకాలతో (కణాలను పసిగట్టే పరికరాలతో) ఒక్కొక్క విఘటనను దాని వేడిని బట్టి కొలుస్తున్నారని చదివాను. ఈ పని దగ్గర నుంచి చూసినవారు ఎవరైనా, ఆ అమ్మాయికి చెప్పగలిగే రీతిలో వివరిస్తారా?

వంశధార

మాస్టారూ, నాది నరసన్నపేట. ఆరేళ్లపాటు విదేశంలోని ఒక అతిశీతల ప్రయోగశాలలో ఇదే పనిలో ఉన్నాను కాబట్టి, నాకు తెలిసినంత రాస్తాను.

ఆలోచన పాతదే. 1903లో పియరీ క్యూరీ, ఆల్బెర్ట్ లాబోర్డ్ కలిసి ఒక గ్రాము రేడియం గంటకు దాదాపు వంద కేలరీల వేడిని ఆగకుండా ఇస్తుందని కొలిచారు. 1927లో కేంబ్రిడ్జిలో ఎల్లిస్, వూస్టర్ అనే ఇద్దరు, అప్పట్లో రేడియం-ఈ అని పిలిచిన బిస్మత్-210ను వేడిని కొలిచే ఒక చిన్న కెలోరీమీటరులో పెట్టి, ఒక్కొక్క విఘటనకు సగటున వచ్చే వేడి సుమారు 0.35 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులని తేల్చారు. బీటా కణానికి ఉండగల గరిష్ఠ శక్తి అప్పటి కొలత ప్రకారం 1.05 మిలియన్ కాగా, వేడి మాత్రం అందులో మూడో వంతే వచ్చింది. మిగిలిన శక్తి ఎటు పోయిందన్న ప్రశ్నే 1930లో పౌలీ అనే శాస్త్రజ్ఞుడి చేత, దేనికీ చిక్కకుండా దాటిపోయే న్యూట్రినో అనే కణాన్ని ఊహింపజేసింది. ఈ శాస్త్రంలో అతి పెద్ద మలుపుల్లో ఒకటి వేడిని కొలవడం వల్లే వచ్చిందని మీ విద్యార్థులకు తప్పక చెప్పండి.

అయితే వారు కొలిచింది కోటానుకోట్ల విఘటనల వేడిని కలగలిపి. ఒకే ఒక్క విఘటన వేడిని పట్టుకోవాలంటే గది ఉష్ణోగ్రతలో సాధ్యపడదు. అయిదు మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల ఆల్ఫా విఘటన ఒక గ్రాము నీటిలో జరిగితే, నీటి ఉష్ణోగ్రత డిగ్రీలో లక్ష కోట్లవ వంతుకు అయిదో వంతు మాత్రమే పెరుగుతుంది. దానిని ఏ ఉష్ణమాపకమూ చూడలేదు. కానీ పదార్థాన్ని చల్లబరుస్తూ పోతే దాని ఉష్ణధారణ సామర్థ్యం, అంటే ఒక డిగ్రీ వేడెక్కడానికి దానికి కావలసిన వేడి, పడిపోతుంది. విద్యుద్బంధక స్ఫటికాలలో అది ఉష్ణోగ్రత ఘనానికి అనుపాతంగా తగ్గుతుంది, అంటే ఉష్ణోగ్రతను పదో వంతు చేస్తే సామర్థ్యం వెయ్యో వంతు అవుతుంది. బంగారం వంటి లోహంలో ఎలక్ట్రాన్ల వాటా ఉష్ణోగ్రతకు నేరుగా అనుపాతం కాబట్టి అంత వేగంగా తగ్గదు గాని, ముక్క చిన్నదైతే అదీ చాలు. పరమ శూన్యానికి 20 మిల్లీకెల్విన్లు పైన, అంటే ఒక డిగ్రీలో యాభయ్యో వంతు దగ్గర, ఇసుక రేణువంత బంగారు ముక్క ఒక్క విఘటనకే స్పష్టంగా వేడెక్కుతుంది.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వస్తాను. రేడియోధార్మిక పదార్థాన్ని బయట పెట్టి శోధకం వైపు చూపించడం మానేసి, దానిని ఆ బంగారు ముక్క లోపలే పొదుగుతారు. కణం ఏ దిక్కుకు వెళ్లినా బంగారంలోనే ఆగుతుంది. దాటవలసిన కిటికీ లేదు, శోధకం చూడని వైపంటూ లేదు. ఆల్ఫా కణమూ, వెనక్కి తన్నుకున్న కేంద్రకమూ, వాటితో వచ్చిన ఎలక్ట్రాన్లూ, మెత్తని ఎక్స్ కిరణాలూ అన్నీ కలిసి ఒకే వేడి స్పందనగా నమోదవుతాయి. న్యూట్రినో మాత్రం తన వాటాతో తప్పించుకుంటుంది. బలమైన గామా కిరణాలు కూడా కొన్ని దాటిపోతాయి. అయినా ఆ విఘటనలోని మిగతా శక్తి బంగారంలోనే ఉంటుంది కాబట్టి, విఘటన జరిగిందన్న సంగతి లెక్క తప్పదు.

కళింగపట్నం దీపస్తంభం

వంశధార గారికి ధన్యవాదాలు. నేను పరికరాల నిర్వహణ విభాగంలో పనిచేసి పదవీ విరమణ పొందాను. జెర్మేనియం శోధకాలకు ద్రవ నైట్రోజన్ పోసిన అనుభవం నాకు చాలా ఏళ్లు ఉంది. అవి కూడా 77 కెల్విన్ల వద్ద పనిచేసేవే. మీరు చెబుతున్నది దానికి మరింత చల్లని రూపమేనా, లేక వేరే సూత్రమా?

వంశధార

వేరే సూత్రమండి. చాలామంది ఇక్కడే పొరబడతారు కాబట్టి మీరు అడగడం మంచిదైంది. జెర్మేనియంను చల్లబరిచేది అందులోని లీకేజీ విద్యుత్తును అణచడానికి. అది కొలిచేది విద్యుదావేశాన్ని. ఒక్కొక్క ఎలక్ట్రాన్, రంధ్రం (ఎలక్ట్రాన్ విడిచిన ఖాళీ) జంట పుట్టడానికి జెర్మేనియంలో దాదాపు 3, సిలికాన్‌లో 3.6 ఎలక్ట్రాన్ వోల్టులు ఖర్చవుతాయి. వాయువులో అయితే సుమారు 30. ధాన్యాన్ని కుంచంతో కొలిస్తే కుంచానికి తక్కువైన గింజలు లెక్కకు రావు, గిద్దతో కొలిస్తే ఆ పొరపాటు తగ్గుతుంది. వేడిని మోసే ఫోనాన్ల (స్ఫటిక కంపనాల పొట్లాల) శక్తి ఎలక్ట్రాన్ వోల్టులో వెయ్యో వంతు కంటే తక్కువ కాబట్టి, శీతల కెలోరీమీటరు గింజ గింజనూ ఎంచినట్లు కొలుస్తుంది. 5.9 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఎక్స్ కిరణాన్ని మంచి సిలికాన్ శోధకం 130 ఎలక్ట్రాన్ వోల్టుల వెడల్పుతో చూపిస్తే, అత్యుత్తమ శీతల శోధకాలు అదే గీతను రెండు ఎలక్ట్రాన్ వోల్టుల లోపు వెడల్పుతో చూపాయి.

ఉష్ణమాపకాలలో రెండు రకాలు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. ఒకటి అతివాహక పరివర్తన శోధకం. మాలిబ్డినం, రాగి పొరల వంటి పలుచని పూతను, అది విద్యున్నిరోధమే లేని అతివాహకంగా మారే ఉష్ణోగ్రత అంచున సరిగ్గా నిలబెడతారు. అక్కడ ఉష్ణోగ్రత వెంట్రుకవాసి పెరిగినా విద్యున్నిరోధం ఒక్కసారిగా పైకి లేస్తుంది. రెండోది అయస్కాంత కెలోరీమీటరు. బంగారంలోగాని వెండిలోగాని కొద్దిగా ఎర్బియం కలిపి, చిన్న అయస్కాంత క్షేత్రంలో ఉంచుతారు. వేడి తగిలితే ఎర్బియం అయాన్ల అమరిక చెదిరి అయస్కాంతత్వం తగ్గుతుంది. ఆ తగ్గుదలను స్క్విడ్ అనే అతివాహక వలయం పసిగడుతుంది. నేను పనిచేసింది ఈ రెండో రకంతో. విస్తృత శక్తి పరిధిలో స్పందన శక్తికి అనుపాతంగా నిలుస్తుంది కాబట్టి, బీటా వర్ణపటాలకు (ఏ శక్తితో ఎన్ని బీటా కణాలు వస్తాయో చూపే వక్రాలకు) నాకు ఇదే నచ్చుతుంది.

చంపావతి

మాస్టారికీ, పెద్దలందరికీ నమస్కారం. నేను ఎం.ఎస్సీ. చదువుతున్నాను. 20 మిల్లీకెల్విన్ల వద్ద చిన్న బంగారు ముక్క ఉష్ణధారణ సామర్థ్యం కెల్విన్‌కు ఒక పికోజౌల్ అనుకుని, 5.9 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తికి ఉష్ణోగ్రత ఎంత పెరుగుతుందో లెక్క వేశాను. నాకు దాదాపు ఒక మైక్రోకెల్విన్ వచ్చింది. అంత చిన్న మార్పును మూడు వేల వంతులలో ఒక వంతు ఖచ్చితత్వంతో చూడగలరంటే నమ్మశక్యంగా లేదు.

వంశధార

అమ్మా చంపావతీ, పద్ధతి సరిగ్గానే ఉంది గాని, కిలోను మరిచిపోయావనుకుంటాను. 5.9 కిలో ఎలక్ట్రాన్ వోల్టులంటే 9.45 × 10⁻¹⁶ జౌళ్లు. దానిని 10⁻¹² తో భాగిస్తే 0.95 మిల్లీకెల్విన్ వస్తుంది. మైక్రో కాదు, మిల్లీ. ఇరవైకి ఒకటి, అంటే ఉష్ణోగ్రతలో అయిదు శాతం పెరుగుదల. స్క్విడ్ దృష్టిలో అది చాలా పెద్ద మార్పు.

చంపావతి

అవునండి, వెయ్యి రెట్లు తప్పాను. సరిచేసినందుకు కృతజ్ఞతలు.

పొందూరు నూలు

నాకు ఒక మౌలిక సందేహం ఉంది. అంత చలిలో పెడితే విఘటన వేగమే మారిపోదా? మారితే మనం కొలిచే అర్ధాయువు (కేంద్రకాలలో సగం విఘటన చెందడానికి పట్టే కాలం) గది ఉష్ణోగ్రతలోని అర్ధాయువు కాకుండా పోతుంది కదా?

కోట జంక్షన్ మాస్టారు

దీనికి నేనే జవాబు చెప్పగలను. కేంద్రకంలోని శక్తి అంతరాలు వేలు, లక్షల ఎలక్ట్రాన్ వోల్టులలో ఉంటాయి. గది ఉష్ణోగ్రత ఒక పరమాణువుకు ఇచ్చే శక్తి ఎలక్ట్రాన్ వోల్టులో నలభయ్యో వంతు మాత్రమే. ఆ కాస్తా తీసేసినా కేంద్రకానికి తెలియదు. లోహంలో ఉంచి చల్లబరిస్తే అర్ధాయువు మారుతుందని కొన్నేళ్ల క్రితం ఒక వాదన వచ్చింది గాని, 2007లో టెక్సాస్‌లో బంగారం-198ని 19 కెల్విన్ల వద్దా, గది ఉష్ణోగ్రత వద్దా జాగ్రత్తగా కొలిచి చూస్తే వెయ్యో వంతు తేడా కూడా కనబడలేదు. పరమాణువులోని ఎలక్ట్రాన్‌ను కేంద్రకమే మింగే విఘటనలలో మాత్రం పరిసరాల ప్రభావం కొద్దిగా ఉంటుంది. బెరీలియం-7 విషయంలో రసాయన రూపాన్ని బట్టి ఒక శాతం వరకు మార్పు కనిపించింది. అక్కడ కారణం చలి కాదు, కేంద్రకం దగ్గర ఎలక్ట్రాన్ల సాంద్రత.

బొబ్బిలి వీణ

నేను విశాఖపట్నంలో న్యూక్లియర్ మెడిసిన్ సాంకేతిక నిపుణురాలిగా పనిచేస్తున్నాను. మేము ప్రతి ఉదయం అయోడిన్-131, లుటీషియం-177 మోతాదులను అయనీకరణ గది అనే కొలత పరికరంలో కొలిచి రోగికి ఇస్తాము. మా పనికి ఈ శీతల శోధకాలతో ఏమైనా సంబంధం ఉందా? ఆల్ఫా చికిత్సకు వాడే ఆక్టీనియం-225 గురించి కూడా ఇప్పుడు ఎక్కువగా వింటున్నాము.

వంశధార

వీణ గారూ, మీ బల్ల మీద ఈ యంత్రం ఎప్పటికీ అవసరం రాదు. కానీ మీ అయనీకరణ గది చూపే అంకె వెనుక ఒక గొలుసు ఉంది. దానిని సరిచూడడానికి వాడిన మూలకాన్ని మరొకచోట ఇంకా మెరుగైన పరికరంతో కొలిచి ఉంటారు. ఆ పరికరాన్ని ఒక జాతీయ ప్రమాణంతో పోల్చి ఉంటారు. మన దేశంలో రేడియోధార్మికత ప్రమాణాల బాధ్యత ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రానిది. గొలుసు పై కొసన ఉన్నవారు మరొకరి అంకె మీద ఆధారపడలేరు, వారే మొదటి నుంచి లెక్కించాలి. మాస్టారి విద్యార్థిని అడిగింది సరిగ్గా ఆ కొస గురించే.

బీటాతో పాటు గామా కూడా ఇచ్చే మూలకాలకు ఒక చక్కని పాత ఉపాయం ఉంది. బీటా శోధకం లెక్కనూ గామా శోధకం లెక్కనూ గుణించి, రెండూ ఒకేసారి నమోదైన సంఖ్యతో భాగిస్తే, రెండు శోధకాల సామర్థ్యాలూ కొట్టివేయబడి అసలు విఘటనల సంఖ్య మిగులుతుంది. నాకు ఇప్పటికీ ఇది భౌతికశాస్త్రంలోని అందమైన లెక్కల్లో ఒకటి. కానీ నికెల్-63, కార్బన్-14, ట్రిటియం వంటివి గామా ఇవ్వవు. వాటిని, కణం తగిలితే వెలుగునిచ్చే ద్రవ సింటిలేటరులో కలిపి, ఆ వెలుగును మూడు కాంతి శోధక గొట్టాలతో చూసి, ముగ్గురూ చూసినవి ఎన్ని, ఇద్దరే చూసినవి ఎన్ని అన్న నిష్పత్తి నుంచి తప్పిపోయిన వాటిని అంచనా వేస్తారు. ఆ అంచనాకు బీటా వర్ణపటం ఆకారం ముందే తెలిసి ఉండాలి. తప్పిపోయేవన్నీ తక్కువ శక్తి గలవే కాబట్టి, ఆ చివర ఆకారం తప్పితే జవాబూ తప్పుతుంది.

ఇక్కడే శీతల శోధకాలు ఒక పెద్ద మేలు చేశాయి. ఫ్రాన్సులో సాక్లే దగ్గరి హెన్రీ బెక్వెరెల్ జాతీయ ప్రయోగశాలవారు నికెల్-63, ప్లుటోనియం-241 బీటా వర్ణపటాలను అయస్కాంత కెలోరీమీటరులో అతి తక్కువ శక్తి వరకు కొలిచారు. పాఠ్యపుస్తకంలోని ఫెర్మీ వక్రం చెప్పిన దానికంటే తక్కువ శక్తి వైపు విఘటనలు ఎక్కువగా ఉన్నాయని తేలింది. కారణం పరమాణు వినిమయం. కేంద్రకం నుంచి పుట్టిన ఎలక్ట్రాన్ నేరుగా బయటకు రాకుండా పరమాణువులోని ఒక కక్ష్యలో చేరిపోయి, ఆ కక్ష్యలో ఉన్న ఎలక్ట్రాన్ బయటకు వెళ్లే అవకాశం కూడా ఉంది. ఎలక్ట్రాన్లకు గుర్తులు ఉండవు కాబట్టి రెండు దారులూ కలిసే లెక్కకు వస్తాయి. ఆ ప్రభావాన్ని చేర్చి వేసిన సిద్ధాంత వక్రం కొలతతో చక్కగా సరిపోయింది. ఫెర్మీ సిద్ధాంతం 1934 నాటిది. దాని వక్రం కింది కొస ఇంత స్పష్టంగా కనబడడానికి ఇంత కాలం పట్టింది.

ఆక్టీనియం-225 సంగతికి వస్తే, అది తన సంతతితో, అంటే దాని విఘటన వల్ల వరుసగా పుట్టే కేంద్రకాలతో, కలిసి నాలుగు ఆల్ఫా కణాలను వరుసగా ఇస్తుంది. అర్ధాయువు సుమారు పది రోజులు. అలాంటి గొలుసులో ఏ సంతతి ఎంత ఉందో విడివిడిగా చూడాలంటే శక్తి గీతలు సన్నగా ఉండాలి. ఆ దిశలో ఈ శోధకాలు ఉపయోగపడతాయి.

కళింగపట్నం దీపస్తంభం

నేను కాస్త విభేదిస్తాను. మీరు సామర్థ్యం గురించి, ఏదీ తప్పిపోకపోవడం గురించి ఎక్కువగా చెబుతున్నారు. నా దృష్టిలో ఈ పరికరాల అసలు గొప్పతనం ఆ సన్నని గీతలోనే ఉంది. ప్లుటోనియం-239, 240ల ఆల్ఫా శక్తుల తేడా దాదాపు 12 కిలో ఎలక్ట్రాన్ వోల్టులే. సిలికాన్ శోధకంలో ఆ రెండూ ఒకే గుట్టగా కలిసిపోతాయి. వాటిని విడదీయడానికి ద్రవ్యరాశి వర్ణమాపకం దగ్గరకు పరుగెత్తవలసి వచ్చేది.

వంశధార

మీ ఉదాహరణ సరైనదే. శీతల శోధకంలో ఆ రెండు శిఖరాలు విడిగా నిలబడతాయి. కానీ అవి ఎందుకు అంత శుభ్రంగా నిలబడతాయో చూడండి. అమెరీషియం-241ని సిలికాన్ ముందు పెడితే ఆల్ఫా గీతలు అనేకం వస్తాయి, ఎందుకంటే ఒక్కొక్క విఘటనలో శక్తి ఆల్ఫాకూ, గామాకూ, ఎలక్ట్రాన్లకూ వేర్వేరుగా పంచబడుతుంది. అదే మూలకాన్ని బంగారంలో పొదిగితే ఆ పంపకాలన్నీ తిరిగి కలిసి, 5,638 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒకే ప్రధాన శిఖరం నిలుస్తుంది. పొలోనియం-210 కూడా అంతే. ఆల్ఫాకు 5,304, వెనక్కి తన్నుకున్న సీసపు కేంద్రకానికి 103, కలిపి 5,407. ఏదీ తప్పిపోకపోవడం వల్లే ఆ శిఖరం ఒక్కటిగా నిలుస్తోంది. అందుకే నేను సంపూర్ణతను ముందు, సన్నదనాన్ని తరువాత పెడతాను. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా, మిల్లీగ్రాములోపు ద్రావణాన్ని ఇంకు ముద్రణ యంత్రం వంటి సాధనంతో బంగారు రేకు మీద చిలకరించి, ఎంత చిలకరించిందీ తూచి, విఘటనలను ఒక్కొక్కటిగా అతివాహక పరివర్తన శోధకంతో లెక్కించే పద్ధతిని రూపొందించింది. గుర్తింపూ లెక్కా ఒకే కొలతలో వస్తాయన్నదే దాని ఉద్దేశం.

కళింగపట్నం దీపస్తంభం

అనేక గీతలు కలిసి ఒకటవుతాయన్న కోణం నాకు తట్టలేదు. మీ మాట ఒప్పుకుంటున్నాను.

కోట జంక్షన్ మాస్టారు

వంశధార గారూ, ఇంత వివరం చదివాక ఇందులోని కష్టాలు కూడా వినాలని ఉంది. విద్యార్థులకు లాభాలే చెబితే సగం పాఠమే చెప్పినట్లవుతుంది.

వంశధార

అన్నిటికంటే పెద్ద కష్టం కొలవవలసిన నమూనాను తయారు చేయడంలో ఉంది, మాస్టారూ. బయటివారు శీతలీకరణ యంత్రమే కష్టమనుకుంటారు. అది ఖరీదైనదే గాని, ఇప్పుడు మీట నొక్కితే పనిచేసే స్థితికి వచ్చింది. నేను తొలిసారి స్వయంగా సిద్ధం చేసిన నమూనా కథ చెబుతాను. ద్రావణం చుక్కను బంగారు రేకు మీద వేసి, ఆరబెట్టి, మీద మరో రేకు కప్పి, అంచులు అతికించాను. చల్లబరచడానికే రోజులు పట్టింది. కొలత మొదలుపెట్టాక చూస్తే, నిటారుగా ఉండవలసిన ఆల్ఫా శిఖరానికి తక్కువ శక్తి వైపు పొడవాటి తోక వచ్చింది. మొదట ఉష్ణమాపకాన్ని అనుమానించాను, తరువాత కంపనాలను అనుమానించాను. నాలుగు వారాలు అలాగే గడిచాయి. చివరికి రేకు విప్పి సూక్ష్మదర్శినిలో చూస్తే, ఆరిన చుక్కలో ఉప్పు స్ఫటికాలు గట్టి రేణువులుగా పేరుకుని ఉన్నాయి. ఆల్ఫా కణం బంగారాన్ని చేరకముందే స్ఫటికంలో కొంత దూరం ప్రయాణించి, అక్కడి అమరికను చెదరగొట్టింది. ఆ చెదిరిన చోట్ల చిక్కుకున్న శక్తి వేడిగా మారి ఉష్ణమాపకాన్ని చేరలేదు. ఒక్కొక్క విఘటనకు చిక్కుకున్న శక్తి ఒక్కొక్క రకంగా ఉంది కాబట్టి శిఖరం సాగిపోయింది.

దీనికి మందు కంసాలి పనే. మూలకం ఆరిన రేకును మడిచి, అదిమి, మళ్లీ మడిచి, మళ్లీ అదిమి, ఇలా పదుల సార్లు చేస్తే ఉప్పు రేణువులు చిన్నాభిన్నమై బంగారంలో సమంగా కలిసిపోతాయి. విజయనగరంలో మా మేనమామ ఇంటి పక్కన కంసాలి దుకాణంలో చిన్నప్పుడు గంటల తరబడి కూర్చుని చూసిన ఆ రేకు సాగగొట్టే పని, పాతికేళ్ల తరువాత చేతి తొడుగులు వేసుకుని నేనే చేశాను. రెండోసారి శిఖరం నిటారుగా వచ్చింది.

రెండో కష్టం నిదానం. ఒక్కొక్క వేడి స్పందన చల్లారడానికి మిల్లీసెకండ్లు, కొన్నిసార్లు పదుల మిల్లీసెకండ్లు పడుతుంది. అందువల్ల సెకనుకు అయిదారు విఘటనలకు మించి పెట్టకపోవడం మంచిది. లేకపోతే ఒకదాని మీద మరొకటి పడతాయి. సెకనుకు అయిదు చొప్పున పది లక్షల విఘటనలు లెక్కించి, వెయ్యో వంతు గణాంక అనిశ్చితి సాధించాలంటే రెండు రోజుల ఎనిమిది గంటలకు దగ్గరగా ఆగకుండా నడపాలి. ఆ రెండు రోజులూ శోధకం ఎంతసేపు నిజంగా మేలుకుని ఉందో కూడా జాగ్రత్తగా లెక్కపెట్టాలి, ఎందుకంటే విఘటనల సంఖ్యను భాగించవలసింది ఆ మేలుకున్న కాలంతోనే.

చలి గురించి రెండు మాటలు. కుండలోని నీరు చెమ్మగా బయటకు ఊరి ఆవిరవుతూ కుండను చల్లబరచినట్లే, విలీన శీతలీకరణ యంత్రంలో హీలియం-3 పరమాణువులు హీలియం-4 ద్రవంలోకి దాటుతూ వేడిని లాగుకుంటాయి. 0.87 కెల్విన్ల దిగువన ఆ రెండు ద్రవాలు నూనె, నీళ్లలా విడిపోతాయి. కానీ పరమ శూన్యం వద్ద కూడా హీలియం-4లో 6.6 శాతం హీలియం-3 కరిగే ఉంటుంది. ఆ దాటే దారి ఎప్పటికీ మూసుకుపోదు కాబట్టే యంత్రం కొన్ని మిల్లీకెల్విన్ల వరకు దిగగలుగుతుంది.

పొందూరు నూలు

మా తీరంలో, భీమునిపట్నం నుంచి బారువ దాకా, ఇసుకలో మోనజైట్ ఉందని, అందులో థోరియం ఉందని అందరూ అంటారు. ఆ ఇసుకను ఈ పద్ధతిలో కొలిస్తే మరింత ఖచ్చితంగా తెలుస్తుందా?

వంశధార

అక్కర లేదండి. ఇసుకలో ఎంత థోరియం ఉందో తెలుసుకోవడానికి దీపస్తంభం గారు నైట్రోజన్ పోసిన జెర్మేనియం శోధకమే సరైన పరికరం. థోరియం గొలుసులోని ఆక్టీనియం-228 ఇచ్చే 911, థాలియం-208 ఇచ్చే 2,614 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా గీతలు కిలో ఇసుకలోంచి కూడా స్పష్టంగా బయటకు వస్తాయి. ఇసుక విషయంలో అనిశ్చితి అంతా నమూనాను ఎక్కడ, ఎలా తీశారన్న దానిలో ఉంటుంది. ఒక కెరటం నల్ల ఇసుకను పేర్చిపోతే, మరొకటి కొట్టుకుపోతుంది. శోధకం ఎంత చల్లనిదైనా ఆ తేడాను సరిదిద్దలేదు.

చంపావతి

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది బిస్మత్-209 సంగతి. స్థిరమైన కేంద్రకాలలో అన్నిటికంటే బరువైనది అదేనని మేము పుస్తకాలలో చదువుకున్నాము. 2003లో ఫ్రాన్సులోని ఓర్సే శాస్త్రజ్ఞులు బిస్మత్ ఉన్న స్ఫటికాన్ని చల్లబరిచి, వేడినీ వెలుగునూ ఒకేసారి కొలిచి, అది 3,137 కిలో ఎలక్ట్రాన్ వోల్టులతో ఆల్ఫా విఘటన చెందుతోందని చూపించారు. అర్ధాయువు 1.9 × 10¹⁹ సంవత్సరాలు, అంటే విశ్వం వయసుకు వంద కోట్ల రెట్లకు పైన. ఈసారి జాగ్రత్తగా లెక్క వేశాను. ఒక గ్రాము బిస్మత్‌లో ఏడాదికి సుమారు 105 విఘటనలు మాత్రమే జరుగుతాయి.

వంశధార

లెక్క సరిపోయింది. అక్కడ మూలకమూ శోధకమూ ఒకటే స్ఫటికం కావడం గమనించు. ఆల్ఫా కణం ఒకే శక్తి గల ఎలక్ట్రాన్ కంటే తక్కువ వెలుగునిస్తుంది కాబట్టి, వేడితో పాటు వెలుగునూ కొలిస్తే ఏది ఆల్ఫానో, ఏది బయటి నుంచి వచ్చిన గామా తాకిడో తేలిపోతుంది. అరుదైన విఘటనలకు శీతల కెలోరీమీటర్లు వాడవచ్చని 1984లో ఫియోరినీ, నీనికోస్కీ ప్రతిపాదించారు. ఇటలీలో గ్రాన్ సాసో పర్వతం కింద 988 టెల్లూరియం ఆక్సైడు స్ఫటికాలతో నడుస్తున్న క్యూఓర్ ప్రయోగం ఆ ఆలోచనకు పెద్ద రూపం. 742 కిలోల స్ఫటికాలను పది మిల్లీకెల్విన్ల దగ్గర ఉంచి, న్యూట్రినోలు లేని ద్విబీటా విఘటన (కేంద్రకం ఒకేసారి రెండు బీటా కణాలను ఇచ్చే విఘటన) కోసం వెతుకుతున్నారు. మన దేశంలో టాటా సంస్థ, అంటే ముంబయిలోని టి.ఐ.ఎఫ్.ఆర్.లో తగరం-124 కోసం ఇటువంటి శీతల శోధకాల మీద పని జరిగింది. తగరం 3.7 కెల్విన్ల దిగువన అతివాహకం అవుతుంది, కాబట్టి దాని ఉష్ణధారణ సామర్థ్యం బాగా పడిపోతుంది. ఈ దారిలో వెళ్లాలనుకుంటే అక్కడి పరిశోధనను చూడమ్మా.

కోట జంక్షన్ మాస్టారు

చంపావతికి మరొక మాట. మన దగ్గరే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్రానికి పునాది వేసిన స్వామి జ్ఞానానంద సన్యాసి అయి ఉండి కూడా ప్రేగ్‌లో ఎక్స్ కిరణాల మీద, లివర్‌పూల్‌లో బీటా వర్ణపటాల మీద పనిచేశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని ప్రయోగశాలకు ఆయన పేరే ఉంది. బీటా వర్ణపటం అన్న మాట మన ప్రాంతానికి కొత్తది కాదు.

సోమవారం తరగతికి నేను ఒక ప్రయోగం అనుకున్నాను. మా దగ్గర చల్లని యంత్రం లేదు గాని, పొటాషియం క్లోరైడు ఉంది. సహజ పొటాషియంలో కొద్దిగా ఉండే పొటాషియం-40 వల్ల ఒక గ్రాము ఉప్పులో సెకనుకు సుమారు 16 విఘటనలు జరుగుతాయని లెక్క వస్తుంది. తూచిన ఉప్పును గొట్టం ముందు పెట్టి, వచ్చిన లెక్కను 16తో పోల్చి, మా గొట్టం ఎన్నిటిని తప్పిస్తోందో విద్యార్థుల చేతనే తేల్పించాలని ఉంది. ఏమైనా సవరణలు ఉంటే చెప్పండి.

వంశధార

చాలా మంచి ప్రయోగం, మాస్టారూ. రెండు సవరణలు చెబుతాను. ఆ 16లో బీటా కణాలను ఇచ్చేవి 89.3 శాతమే. మిగిలిన 10.7 శాతం ఎలక్ట్రాన్‌ను మింగి ఆర్గాన్-40గా మారి, దాదాపు అన్నీ 1,461 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామాను ఇస్తాయి. మీ గొట్టం ఆ గామాను దాదాపు చూడదు. కాబట్టి పోల్చవలసిన అంకె గ్రాముకు సెకనుకు 14.5 దగ్గర ఉండాలి. రెండోది, ఉప్పును కుప్పగా పోయకుండా వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరచండి. ఒకే బరువును మూడు నాలుగు మందాలలో పరిచి లెక్కిస్తే, మందం పెరిగే కొద్దీ ఉప్పులోనే ఆగిపోయేవి ఎన్నో వారికే కనబడుతుంది. నా నమూనాలో ఉప్పు రేణువులు చేసింది కూడా అదే పని.

కోట జంక్షన్ మాస్టారు

సవరించుకున్నాను. పళ్లెం వెడల్పు గొట్టం కిటికీ కంటే పెద్దదైతే దిక్కుల లెక్క మారుతుంది కాబట్టి, కిటికీ కొలతకు సరిపోయే మూతలు నాలుగు తెప్పిస్తున్నాను. నేపథ్య లెక్కను ముందు ఒక గంట, తరువాత ఒక గంట తీయిస్తాను. ప్రశ్న అడిగిన అమ్మాయికే ఉప్పు తూచే పని అప్పగిస్తాను. వచ్చిన అంకెలను ఇక్కడే పెడతాను.

పొందూరు నూలు

మాస్టారూ, ఉప్పును ముందు రోజు రాత్రి వేడి పొయ్యిలో ఆరబెట్టించండి. మన తీరపు గాలిలో అది తేమ పీల్చుకుంటే బరువే తప్పుతుంది.